పేరున్న ముద్దాయి

అసలు ఆ సర్క్యులర్ పుట్టడానికి కారణం ఒక టీ. కార్తీకమాసం మొదట్లో ఒక పొద్దున, జిల్లా సంక్షేమ కార్యాలయానికి ఆడిట్ పని మీద వచ్చిన పొరుగూరి పెద్దమనిషి ఒకాయన అలవాటు చొప్పున, "ఒరే అప్పన్నా, ఓ టీ పట్రా" అని కేకేశాడు. ఆఫీసు ఆఫీసంతా కొయ్యబారిపోయింది. ఎందుకంటే అటెండరు అప్పన్న ఆ రోజుల్లో అప్పన్న కాదు. మాల వేసుకుని, నల్లబట్టలు కట్టి, నుదుట గంధం పెట్టిన స్వామి. అందులోనూ పద్దెనిమిదో ఏడు దీక్ష పట్టిన గురుస్వామి. జిల్లా అధికారి చక్రధరరావు గారు ఆ ఏడే తొలిసారి మాల వేసుకుని కన్నెస్వామి అయ్యారు. అందుచేత రోజూ కుర్చీలో కూర్చునే ముందు అప్పన్న కాళ్ళకు దణ్ణం పెట్టి మరీ కూర్చునేవారు. అంతటి కాళ్ళను టీ కోసం వీధిలోకి పంపడమంటే మాటలా?

రెండు మూడు రోజుల్లో సర్క్యులర్ దిగింది. "దీక్షాధారణయందున్న సిబ్బందిని వారి వారి లౌకిక నామధేయములతో సంబోధించుట సదరు సిబ్బంది మనోభావములకు భంగకరమని గమనించడమైనది. కావున దీక్షాకాలము ముగియువరకు సదరు సిబ్బందిని మాటయందుగాని, వ్రాతయందుగాని స్వామి అని మాత్రమే వ్యవహరించవలెను" అని అందులో ఉంది. అతిక్రమించినవారు ఏమవుతారో కూడా ఉంది.

సహాయ సంక్షేమాధికారి పానకాలరావు అది చదివి చాలా బాగుందనుకున్నాడు. ఆయన భక్తుడే. శనివారం గుడికి వెళ్ళకుండా కాఫీ ముట్టడు. మాల మాత్రం వేసుకోలేదు. చేపల పులుసు లేకుండా మండలం పాటు బతకడం తన వల్ల కాదని దేవుడికే విన్నవించుకున్న నిజాయితీపరుడు. ఆ ఒక్క బలహీనత వల్ల ఆ కార్యాలయంలో సొంత పేరుతో మిగిలిన అధికారి ఆయన ఒక్కడే అయ్యాడు.

ఉన్నమాట చెప్పుకోవాలి, మొదట్లో ఆఫీసు నిజంగానే బాగుపడింది. కసురుకోవడాలు పోయాయి, బూతులు పోయాయి. తరవాత చిక్కులు మొదలయ్యాయి. ఫోను మోగితే, స్వామి ఉన్నారా స్వామీ అని అటు నుంచి అడగడం, ఏ స్వామి స్వామీ అని ఇటు నుంచి అడగడం, ఇద్దరూ శరణు చెప్పుకుని పెట్టేయడం. హాజరుపట్టీలో పైనుంచి కిందిదాకా స్వామి, స్వామి, స్వామి. ఎవరో ఇద్దరు చెప్పకుండా ఎగ్గొడితే ఆ ఇద్దరూ ఎవరో తేలక అందరికీ సెలవు కోశారు, అందరి మనోభావాలూ దెబ్బతిన్నాక అందరికీ తిరిగి కలిపారు.

ఇలా కాలం భక్తిగా గడుస్తుండగా ఒక సోమవారం, అర్జీల రోజున, కాలవగట్టుపాలెం బాలుర హాస్టల్లో చదివే పిల్లాడి తండ్రి ఒకతను కలెక్టరు ముందుకొచ్చి నిలబడ్డాడు. కొబ్బరికాయలు దింపుకుని బతికే మనిషి. దీపావళి వెళ్ళిన దగ్గర్నుంచి హాస్టల్లో పిల్లలకు గుడ్డు పెట్టడం లేదన్నాడు. సర్కారు గుడ్లు ఇస్తూనే ఉంది. వ్యాను వస్తూనే ఉంది. కంచాల్లోకి మాత్రం గుడ్డు రావడం లేదు. కలెక్టరుకు కోపం వచ్చి, వారం తిరక్కుండా విచారణ జరిపి దోషిని పేరుతో సహా తేల్చమన్నారు. విచారణాధికారికి కూడా పేరుండాలి కాబట్టి ఆ బరువు పానకాలరావు నెత్తిన పడింది.

ఆయన హాస్టల్‌కి వెళ్ళేసరికి వార్డెను వీరభద్రం నల్లపంచెతో, వట్టికాళ్ళతో అరుగు మీద కూర్చుని ఉన్నాడు. "వీరభద్రం గారూ" అని పిలిచాడో లేదో, పక్కనున్న వాచ్‌మన్ స్వామి రెండు చెవులూ మూసుకున్నాడు. పానకాలరావు లెంపలేసుకుని, వంగి, వార్డెన్ స్వామి పాదాలకు దణ్ణం పెట్టాడు. విచారణ ఆ వంగిన భంగిమలోనే మొదలయింది. చెప్పొద్దూ, ఆ తరవాత అది నిటారుగా నిలబడింది ఎప్పుడూ లేదు.

"గుడ్ల వ్యాను వస్తోందా స్వామీ?"

"వస్తోంది స్వామీ. గేటు దగ్గర దింపి వెళ్తోంది. స్టోరు గదిలో పీఠం పెట్టుకున్నాం కదా, నీచు గడప దాటకూడదు."

"మరి గేటు దగ్గర్నుంచి ఎక్కడికి వెళ్తున్నాయి స్వామీ?"

వార్డెన్ స్వామి కళ్ళు మూసుకున్నాడు. "దీక్షలో గుడ్డు వంక చూడనైనా చూడం స్వామీ. చూడనిదాని సంగతి మమ్మల్ని అడిగితే ఏం చెప్పగలం?"

ఆ నిష్ఠకు పానకాలరావు ఒళ్ళు పులకరించింది. బయటికొచ్చాక ఆకలేసింది. గేటుకి ఎదురుగా వార్డెన్ స్వామి బావమరిది బేకరీ ఉంది. అక్కడ ఒక ఎగ్ పఫ్ తీసుకుని కొరికాడు. ఎగ్ పఫ్ అంటే ఎక్కడైనా సగం గుడ్డే ఉంటుంది. ఇందులో నిండు గుడ్డుంది. ఏం ధర్మాత్ములయ్యా వీళ్ళు అనుకుంటూ చెయ్యి కడుక్కుందామని వెనక్కి వెళ్తే, గోడ వారన పెంకుల గుట్ట కనిపించింది. పెంకు పెంకు మీదా సర్కారు గుడ్డని తెలియడానికి వేసే నీలం ముద్ర ఉంది. తను తిన్న గుడ్డు ఎవరి కంచంలోదో ఆయనకి అప్పుడు అర్థమైంది.

మర్నాడు చక్రధరరావు గారి గదిలో ఆ సంగతంతా పూస గుచ్చినట్టు చెప్పాడు. అధికారి గారు నల్లశాలువా సర్దుకుని, పక్కనే నిలబడ్డ గురుస్వామి అప్పన్న వంక ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నారు.

"మీరు సమర్పించిన అంశములు సమగ్రముగా పరిశీలించడమైనది స్వామీ. దీక్షలో ఉన్నవాడు గుడ్డును తాకడు. తాకనివాడు తీయజాలడు. తీయనివాడు అమ్మజాలడు. కావున సదరు ఆరోపణ ప్రాథమిక దశయందే నిలువదు."

నీలం ముద్ర మాటేమిటని పానకాలరావు అడిగాడు. బేకరీ బావమరిది కూడా మాలలోనే ఉన్నాడని అధికారి గారు గుర్తుచేశారు. దీక్షలో ఉన్నవాడు అమ్మే వస్తువు గుడ్డు కాజాలదట. పఫ్ అయి ఉంటుందట. పఫ్ లోపల ఏముందో తినినవాడికి తెలుస్తుందేగాని అమ్మినవాడికి తెలియనవసరం లేదట. అంటూనే, కార్తీకమాసంలో తమరు అది తిన్నారా అని పానకాలరావునే ఎదురడిగారు. పానకాలరావు తల దించుకున్నాడు. నిజమే, తిన్నాడు. ఆ గదిలో గుడ్డు తిన్నవాడు ఆయన ఒక్కడే.

అప్పుడు గురుస్వామి మొదటిసారి నోరు విప్పాడు. ముద్దాయికి పేరుండాలి గదా స్వామీ అన్నాడు. స్వామి మీద నోటీసు రాస్తే ఎవరికివ్వాలి? ఏ స్వామికిచ్చినా అది నాది కాదంటాడు, అంటే న్యాయంగానే అన్నట్టు. కాబట్టి ఆ హాస్టల్లో పేరున్న మనుషులెవరో ముందు చూడాలన్నాడు. చూశారు. వార్డెను స్వామి. వాచ్‌మన్ స్వామి. గుమాస్తా స్వామి. నీళ్ళు పట్టేవాడు స్వామి. పేరున్నది ఒక్క వంటమనిషికే. నూకరత్నం.

ఆవిడది నడివయసు. ఆ మాల ఆ వయసు ఆడవాళ్ళు వేసుకోవడానికి వీల్లేదు. అంటే పేరు వదిలించుకునే దారి ఆవిడకి లేనే లేదు. పైగా గుడ్డు తింటుంది. ఆ పైన ఇంటి దగ్గర కోళ్ళున్నాయి. చక్రధరరావు గారి మొహం వికసించింది. తినగలిగినవారే తీయగలరనేది సహజ న్యాయసూత్రమనీ, ఆ కోణంలో విచారణ ముందుకు తీసుకుపోవలసిందనీ ఆదేశించారు.

పానకాలరావు మళ్ళీ హాస్టల్‌కి వెళ్ళాడు. వాచ్‌మన్ స్వామి అప్పటికే సాక్ష్యం సిద్ధంగా ఉంచాడు. వంటింటి వెనక అరటిబోదెల దగ్గర, ఒక పాత తట్టలో, గుడ్డు పెంకులు. ఇంకేముంది, దొంగ దొరికింది. పానకాలరావు వాటిని ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. చిన్న నాటుకోడి గుడ్లవి. దేనిమీదా నీలం ముద్ర లేదు.

నూకరత్నం చేతులు కొంగుతో తుడుచుకుంటూ వచ్చింది. అడగ్గానే ఏదీ దాచుకోకుండా చెప్పింది.

"అయ్యి మా పెట్టల గుడ్లేనండి. కార్తీకం వచ్చిన కాడ్నించి సప్పటి పప్పు, సారు తప్ప ఇంకేం లేదండి కుర్రోళ్ళకి. మొగాలు పీక్కుపోతంటే సూడలేక, మరీ నీరసంగా ఉన్నోళ్ళకి ఉడకేసి పెడతన్నానండి. తప్పాండి?"

పానకాలరావు తప్పు కాదన్నాడు. ఆ మాట ఆయన నోటంట స్పష్టంగానే వచ్చింది. ఆవిడ మొగుడు పోయి చాన్నాళ్ళయింది. కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఆ చదువంతా ఈ వంటింటి జీతం మీదే నడుస్తోంది. ఈ పనొకటి ఊడితే వాడి చదువు మధ్యలో ఆగిపోతుందని, ఆ ఒక్కటీ చూడమని ఆవిడ బతిమాలింది. ఏం భయం లేదు, నిజమే రాస్తానని ఆయన మాటిచ్చి బస్సెక్కాడు. బస్సు దిగేదాకా ఆ మాట మీదే ఉన్నాడు కూడా, పాపం.

ఆఫీసులో గురుస్వామి ఎదురొచ్చి, మీ అమ్మాయి పురిటికి వచ్చిందట గదా స్వామీ అని ఎంతో ఆప్యాయంగా అడిగాడు. పానకాలరావు అవునన్నాడు. ఇలాంటి సమయంలో ఇంటి పెద్ద ఒక స్వామి మీద కలం పెట్టడం ఎంతవరకు క్షేమమో ఆలోచించుకొమ్మని, ఇది బెదిరింపు కాదని, ఇంట్లోవాడిలా చెబుతున్నానని అన్నాడు. అంతే. పానకాలరావు రాయబోయిన కాగితాన్ని సొరుగులో పెట్టేశాడు. నిజం రాస్తే దేవుడికి కోపం వస్తుందని ఎవరూ అనలేదు. ఆయనంతట ఆయనే అనుకున్నాడు. పుట్టబోయే బిడ్డ ఒకవైపు, నూకరత్నం ఇంకోవైపు. అబద్ధం రాయడానికి చెయ్యి రాదు. నిజం రాయడానికి గుండె చాలదు.

ఆ అవస్థ చూసి గురుస్వామే దారి చూపించాడు. "నువ్వూ మాల వేసేసుకో స్వామీ. మాలలో ఉండి రాసింది నువ్వు రాసినట్టు కాదు. స్వామి రాసినట్టు."

చేపల పులుసు వదలడం కష్టమే గాని, మనస్సాక్షి ఇంకా కష్టంగా ఉంది. మర్నాడు ఉదయం చన్నీళ్ళు పోసుకుని, పానకాలరావు మాల వేసుకున్నాడు. మధ్యాహ్నం నివేదిక రాయడానికి కూర్చుంటే ఏం చిత్రమో, చెయ్యి తడబడలేదు. "పెంకులపై ముద్ర లేకపోవుట సదరు నూకరత్నము ముద్రను చెరిపివేసినదనుటకు తిరుగులేని నిదర్శనము. స్వయముగా కోళ్ళను పెంచుకొనుట నేరమును కప్పిపుచ్చుటకు ముందుగా పన్నిన పన్నాగము" అని రాశాడు. కింద, స్వామి, అని సంతకం పెట్టాడు. బరువు దిగినట్టయింది. ఆ సాయంత్రం భజనలో అందరికన్నా గట్టిగా పాడాడు.

నూకరత్నాన్ని పనిలోంచి తీసేశారు. నోటీసు మీద పేరు, ఇంటిపేరు, ఊరు, అన్నీ పొల్లు పోకుండా రాయగలిగారు. ఇంత సక్రమంగా తయారైన నోటీసు శాఖ చరిత్రలో లేదని గుమాస్తా స్వామి మురిసిపోయాడు. గుడ్లు మటుకు ఆ తరవాత కూడా కంచాల్లోకి రాలేదు. దొంగను తీసేశాక గుడ్లు పోవడానికి వీల్లేదు కాబట్టి, గుడ్లు పోవడం లేదని శాఖ కలెక్టరుకు రాసి పంపింది.

సంక్రాంతి దాటింది. మాలలు తీశారు. పానకాలరావు కూతురికి మగబిడ్డ పుట్టాడు. రిపబ్లిక్ డే నాడు వీరభద్రానికి ఉత్తమ వార్డెన్ పతకం ఇచ్చారు. ఆ పతకం చొక్కాకి ఉండగానే బావమరిది బేకరీలో కూర్చుని బ్రెడ్ ఆమ్లెట్ తింటున్నవాణ్ణి పానకాలరావు చూశాడు. పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు పేరు పెట్టి పిలవచ్చు కదా అని ధైర్యంగా, వీరభద్రం గారూ, గుడ్లు మీరే అమ్మేశారు కదూ అని అడిగాడు.

వీరభద్రం ఏమీ దాచలేదు. అమ్మిన మాట నిజమేనన్నాడు. "కానీ అది స్వామి చేసిన పని కదండీ. వీరభద్రానికేం సంబంధం? ఇప్పుడు నన్నడిగితే నేనెలా చెబుతాను?" అని ఆమ్లెట్ మీద మిరియాలపొడి చల్లుకున్నాడు.

పానకాలరావుకి కోపం రావాలి. రాలేదు. పైపెచ్చు హాయిగా నవ్వాడు. ఆ లెక్కన ఆ నివేదిక రాసిందీ తను కాదు కదా. ఇద్దరూ కలిసి నవ్వుకుని, ఒకరి భుజం ఒకరు తట్టుకుని విడిపోయారు.

ఆ హుషారులోనే మర్నాడు చేపల మార్కెట్‌కి బయల్దేరాడు. మాల పుణ్యమా అని ఎన్నాళ్ళో అయింది మరి. మంచి కొర్రమేను బేరం చేసి, శుభ్రం చేయించుకుందామని కత్తిపీటల వరసకి వెళ్ళాడు. ఆ చివర బల్ల ముందు కూర్చుని పొలుసు గీకుతున్న మనిషి తలెత్తింది. నూకరత్నం.

వెనక్కి తిరిగిపోదామనుకున్నాడు గాని ఆవిడ అప్పటికే చెయ్యి చాచి చేపనందుకుంది. పలకరించింది కూడా. ఆయన నిలబడలేక, అడక్కుండానే సంజాయిషీ మొదలెట్టాడు. అది తను రాసింది కాదని, మాలలో ఉండగా స్వామి రాసిందని, గుడ్లు తీసిందీ వీరభద్రం కాదని, స్వామేనని, సర్క్యులర్ ప్రకారం అదంతా వేరే లెక్కని ఏదేదో చెప్పాడు. ఆవిడ కత్తి ఆపకుండా అంతా వింది. చేప ముక్కలు కోసి సంచిలో వేసి ఆయనకందించింది.

"తీసింది సామే అన్నారు. రాసింది సామే అన్నారు. అలాగేనండి. పనిపోయింది మట్టుకు నూకరత్నానికేనండి. సదువు మానేసి రొయ్యల సెరువు కాపలాకి పోతన్నాడు మా వోడు. ఆడికీ ఒకటే పేరండి."

ఆవిడ గొంతులో కోపం లేదు. ఆ తరవాత వచ్చినాయన చేపనందుకుని పనిలో పడిపోయింది. పానకాలరావు సంచి పుచ్చుకుని ఇంటికొచ్చాడు. పులుసు కుదిరింది, నూనె తేలి మెరుస్తోంది, ముద్ద నోటి దాకా వెళ్ళింది, దిగలేదు. కంచం ముందు నుంచి లేచిపోయాడు. భార్య ఏమైందని అడిగితే ఏం చెప్పాలో తెలియక, తప్పు చేశానన్నాడు. ఎవరు, స్వామా అంది ఆవిడ, అలవాటు కొద్దీ. కాదు, నేనే అన్నాడు.

మర్నాడు కొత్త నివేదిక రాసి ఆఫీసుకి పట్టుకెళ్ళాడు. అందులో బేకరీ ఉంది, నీలం ముద్రల పెంకులున్నాయి, ముద్ర లేని పెంకులున్నాయి. నూకరత్నం నిర్దోషి అని ఉంది. మొదటి నివేదికలో రాసిందంతా అబద్ధమని, భయపడి రాశానని ఉంది. కింద, కుందుర్తి పానకాలరావు అని పొడుగ్గా సంతకం ఉంది.

చక్రధరరావు గారు చదివారు. ఆయన ఇప్పుడు కన్నెస్వామి కాదు, మామూలు చక్రధరరావే. అప్పన్నా మామూలు అప్పన్నే, టీ తెచ్చి బల్ల మీద పెట్టాడు. అయినా చదవడం అయిపోయాక అధికారి గారు అలవాటుగా అప్పన్న వంకే చూశారు. అప్పన్న నివేదిక అందుకుని, అడుగునున్న సంతకాన్ని వేలితో తడిమి చూశాడు.

"పేరుందండి," అన్నాడు.

ఆ మాటతో గది గదంతా తేటపడింది. స్వాముల మీద రాసిన భాగం మనోభావాలకు సంబంధించినది కాబట్టి దాన్ని పక్కన పెట్టారు. బేకరీ సంగతి పఫ్‌లకు సంబంధించినది కాబట్టి అది శాఖ పరిధిలోకి రాదన్నారు. మిగిలింది ఒక్కటే. ఒక బాధ్యతగల అధికారి, తన సొంత పేరుతో, తప్పు చేశానని ఒప్పుకుంటున్నాడు. ఇన్నాళ్ళ విచారణలో ఇంత చక్కటి ముద్దాయి దొరికాడా? "తప్పుడు నివేదిక సమర్పించి, నిరుపేద ఉద్యోగినికి అన్యాయమొనర్చి, గుడ్ల విషయమున శాఖను తప్పుదోవ పట్టించినందులకు సదరు కుందుర్తి పానకాలరావును తక్షణము విధులనుండి తాత్కాలికముగా తొలగించడమైనది" అని ఆ సాయంత్రానికే ఉత్తర్వు తయారైంది. గుడ్ల కేసులో దోషి పేరుతో సహా తేలాడని కలెక్టరుకు తెలియజేశారు. దోషి ఒకడే ఉండాలి కాబట్టి నూకరత్నాన్ని తిరిగి పనిలోకి తీసుకున్నారు. వీరభద్రం గుడ్లను కూడా హాస్టల్ లోపలికి రానిస్తున్నాడు. పిల్లాడికి సగం చొప్పున.

ఆదివారం నాడు నూకరత్నం కొడుకుని వెంటబెట్టుకుని పానకాలరావు ఇంటికొచ్చింది. కుర్రాడు మళ్ళీ పాలిటెక్నిక్‌కి వెళ్తున్నాడని చెప్పింది. వీధరుగు మీద లుంగీతో కూర్చుని మనవణ్ణి ఆడిస్తున్న సస్పెండైన అధికారిని చూసి ఆవిడ ప్రాణం ఉసూరుమంది. తన మూలాన ఆయన నోటికాడ కూడు పోయిందని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. కాసేపు అటూ ఇటూ చూసి, ఎవరూ వినడం లేదని నిశ్చయించుకున్నాక, గొంతు తగ్గించి సలహా ఒకటి చెప్పింది.

"మా ఊళ్ళో వేరే మాల వేత్తన్నారండి. ఎర్రగుడ్డలది. ఇప్పుడేసుకోవచ్చంట. తమరు గమ్మున ఏసేసుకోండి బాబూ. ఆ కాయితంలో పేరు పనికిరాదింక. మీ జోలికెవడూ రాడు."

నిజం చెప్పాలంటే ఆ మాట పానకాలరావుకి ఒక్క క్షణం ఆశ పుట్టించింది. ఎర్రబట్టలైతే పెట్టెలో ఒక జత ఉన్నట్టు గుర్తు కూడా. ఒళ్ళో మనవడు చొక్కా జేబులోని పెన్ను పట్టుకుంటే వాడి గుప్పిట విప్పి పెన్ను తీసుకున్నాడు.

"వద్దులే నూకరత్నం," అన్నాడు. "ఈ పేరుతో ఇన్నేళ్ళు బతికానే గాని, దాంతో ఒక నిజం రాసింది ఇదే మొదటిసారి. అప్పుడే వదులుకోబుద్ధి కావడం లేదు."

ఆవిడకి అది పూర్తిగా అర్థమైనట్టు లేదు. భోజనం చేసి వెళ్ళమంటే కాదనలేక, లోపలికెళ్ళి వంటింట్లో ఆయన భార్యకు సాయంగా ఉల్లిపాయలు తరగడానికి కూర్చుంది.